తొమ్మిది కిలోల లోహితాస్యుడు

నాటక సమీక్షల్లో తప్పనిసరిగా ఒక వాక్యం ఉంటుంది. ‘రంగాలంకరణ సందర్భోచితంగా ఉంది.’ ఇరవై ఏళ్లకు పైగా ఈ వాక్యాన్ని నేనూ రాశాను. ఏ నాటకానికైనా సరిపోతుంది. నాటకం చూడకపోయినా సరిపోతుంది. బ్యాంకులో కాగితాల మీద ‘పరిశీలించడమైనది’ అని ముద్ర గుద్దుతూ ఉంటాం. నిజంగా పరిశీలించామా లేదా అన్నది ముద్రకు తెలియదు. ఈ వాక్యమూ అలాంటిదే.

నేను చదివింది బి.కాం. సాహిత్యంలో నాకు పట్టా లేదు. బళ్లారిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్కడి తెలుగు సంఘంలో లెక్కలు చూసేవాడు కావాలంటే నన్ను కోశాధికారిని చేశారు. అటునుంచి నాటకాల్లోకి, నాటకాల నుంచి సమీక్షల్లోకి వచ్చాను. కనుక నేను చెప్పబోయే తప్పు సమీక్షకుడిగానూ చేశాను, కోశాధికారిగానూ చేశాను.

1996లో మా సంఘం వార్షికోత్సవానికి బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్యహరిశ్చంద్రీయం’ నుంచి కాటి సీను వేశాం. హరిశ్చంద్రుడు మా ఊరి వకీలు. చంద్రమతి వేషానికి ఆంధ్ర నుంచి ఒక నటీమణిని బుక్ చేశాం. లోహితాస్యుడిగా మా కార్యదర్శి కొడుకును అనుకున్నాం. ఏడేళ్ల పిల్లవాడు, పద్యం కూడా వచ్చు. నాటకం నాలుగు రోజులుందనగా వాళ్లమ్మ అడ్డం తిరిగింది. ‘నా బిడ్డను శవంలాగా పడుకోబెడతారా, మీకు పుణ్యముంటుంది, వద్దు’ అంది. ఆమెను తప్పు పట్టలేం. ఏ తల్లయినా ఆ మాటే అంటుంది.

అప్పుడు పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, కారణం చివర చెబుతాను. ఆయన వృత్తి సినిమా బోర్డులు రాయడం. మా నాటకాలకు కిరీటాలు, గదలు, సింహాసనం, కాటి సీనుకు కావలసిన కపాలాలు అన్నీ ఆయనే చేసేవాడు. వీటన్నిటినీ కలిపి నాటకాల వాళ్లు ‘ప్రాపర్టీలు’ అంటారు. బ్యాంకువాడికి ప్రాపర్టీ అంటే తాకట్టు పెట్టుకునేది. ఈ ప్రాపర్టీలను తాకట్టు పెట్టుకుని ఎవరూ పది రూపాయలు కూడా ఇవ్వరు.

దిండుకు పంచె చుట్టి ఇస్తాడనుకున్నాను. చాలా ఊళ్లలో చేసేది అదే. ఆయన మాత్రం ‘పిల్లోడు ఎంత బరువుంటాడు సార్?’ అని అడిగాడు. ఇరవై కిలోలు ఉండొచ్చన్నాను. కాసేపు లెక్క వేసుకుని, ‘సగం చాలు సార్. మిగతా సగం ఆయమ్మ మోస్తాది’ అన్నాడు.

మూడు సాయంత్రాలు బ్యాంకు అయ్యాక అక్కడే కూర్చున్నాను. నాటకం గురించి నాకేమైనా తెలిస్తే ఆ మూడు సాయంత్రాల్లో తెలిసిందే. మొండేనికి పాత గోనెపట్టా కుట్టి కొబ్బరిపీచు, గుడ్డపేలికలు కూరాడు. తల మాత్రం కాగితపు గుజ్జుతో చేశాడు. చిన్న కుండ బోర్లించి దాని మీద చింతగింజల జిగురుతో కాగితం పొర మీద పొర అతికించి, ఆరాక లోపలి కుండను పగలగొట్టి తీసేశాడు. జిగురులో చిటికెడు మైలుతుత్తం వేశాడు, పురుగు పట్టకుండా. తల వెనక భాగంలో ఇసుక మూట ఒకటి, నడుము దగ్గర పెద్దది ఒకటి, రెండు పిడికిళ్లలో చిన్నవి రెండు పెట్టాడు. మెడలో మాత్రం ఏమీ కూరలేదు. ఉత్త గుడ్డ గొట్టం. పొరపాటున మరిచిపోయాడేమోనని గుర్తు చేశాను.

‘తల వాలల్ల సార్. తల నిలబడితే నిద్రపోయినట్ల ఉంటాది, సచ్చిపోయినట్ల ఉండదు.’

రంగు దగ్గర ఆయనే ఇబ్బంది పడ్డాడు. బోర్డుల మీద హీరోలకు గులాబీ బుగ్గలు వేసి వేసి చెయ్యి దానంతటదే ఎరుపు వైపు పోయేది. వేసి, తుడిచి, మళ్లీ వేసి, చివరకు పెదవుల మీద, గోళ్ల మీద మాత్రం కాస్త నీలం మిగిల్చాడు. పాము కరిచిన బిడ్డ కదా. కూరగాయల అంగడి తక్కెడలో తూచాం. తొమ్మిది కిలోలు. ‘ఇంకో కిలో పడితే ఆయమ్మకు పద్యం రాదు’ అని అక్కడితో ఆపాడు.

నటీమణి నాటకం రోజు పొద్దున బస్సు దిగింది. రిహార్సల్లో ఆ బొమ్మను రెండు చేతులా ఎత్తుకోబోయి, తల వెనక్కి వాలగానే గబుక్కున మోచేయి కింద పెట్టి పట్టుకుంది. బతికున్న బిడ్డకు పట్టినట్టు పట్టుకుంది. తర్వాత కిందికి దింపి, ‘ఎవరు చేశారు నాయనా ఇది?’ అని అడిగింది. పెద్దాయన అక్కడ లేడు, థియేటరు దగ్గర శుక్రవారం బోర్డు కడుతున్నాడు.

ఆ రాత్రి జనం ఏడ్చారు. నేనూ ఏడ్చాను, లోపల ఇసుక ఉందని తెలిసి కూడా. మర్నాడు సంచికకు సమీక్ష రాశాను. చంద్రమతి పాత్రధారిణి మోచేతులతో కూడా శోకాన్ని నటించిందనీ, ఆ నడకలోని బరువు అనుభవం వల్ల వచ్చిందనీ అర పేజీ రాశాను. చివర ‘రంగాలంకరణ సందర్భోచితంగా ఉంది’ అని ముద్ర గుద్దాను. కోశాధికారిగా జమాఖర్చులూ రాశాను. హార్మోనిస్టుకు పద్దు ఉంది, మేకప్‌కు ఉంది, లైట్లు మైకు అద్దెకు ఉంది, ఉప్మా కాఫీలకు కూడా ఉంది. పెద్దాయనకిచ్చిన 350 రూపాయలు ‘ఇతర ఖర్చులు’ కింద వేశాను. ఆడిటరు ఏమీ అడగలేదు.

సమీక్షలో రాసింది అబద్ధం కాదు. ఆమె గొప్ప నటి. అయితే నేను మెచ్చుకున్న ఆ బరువులో ఒక వాటా ఇసుకది, ఆ మోచేతిలో ఒక వాటా గుడ్డ మెడది. నటనను వర్ణించేటప్పుడు ఆ వాటా ఎవరిదో చెప్పకపోతే వర్ణన తప్పవుతుంది. పెద్దాయనకు అన్యాయం జరిగిందన్నది ఒక సంగతి. నా సమీక్షే తప్పుగా ఉందన్నది వేరే సంగతి. విమర్శకుడిగా ఇప్పుడు నన్ను బాధించేది రెండోది.

చాలా ఏళ్ల తర్వాత, పోణంగి శ్రీరామ అప్పారావు గారు తెలుగు చేసిన నాట్యశాస్త్రం చేతికొచ్చింది. 1960లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పుస్తకం. భరతుడు అభినయాన్ని నాలుగు రకాలన్నాడని అందరం చెప్పుకుంటాం. ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం. ఆహార్యమంటే మేకప్పూ నగలూ అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆయన అందులో ‘పుస్తం’ అని ఒక భాగం పెట్టాడు. చాపలూ గుడ్డలూ తోళ్లూ కలిపి చేసేది సంధిమం, యంత్రంతో కదిలేది వ్యాజిమం, గుడ్డ చుట్టి చేసేది వేష్టిమం. నాటకానికి చేసే వస్తువులు బరువుగా ఉండకూడదనీ, ఇనుము లాంటివి వాడితే నటుడికి అలసట వస్తుందనీ, వెదురు, లక్క, గుడ్డ, తోలు వాడమనీ చెప్పాడు. ఇది చదివినప్పుడు నాకు కూరగాయల తక్కెడ గుర్తొచ్చింది. ఇంకో కిలో పడితే పద్యం రాదన్న మాటా అదే. కాకపోతే పెద్దాయన భరతుడికి ఒక సవరణ చేశాడు. పూర్తిగా తేలికైనా పనికిరాదన్నాడు. ఇంతకన్నా ముఖ్యం, భరతుడు ఈ వస్తువులను అభినయంలోనే లెక్కేశాడు. ‘ఇతర ఖర్చులు’ కింద వేయలేదు.

బళ్లారి వాళ్లం మన నాటక చరిత్ర ఎవరైనా అడిగితే చాలు, మూడు పేర్లు గడగడా చెబుతాం. సరసవినోదిని సభ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, సుమనోరమ సభ కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ. చెప్పాల్సిందే. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లాక మనకు మిగిలిన ఆస్తి ఆ పేర్లే. కానీ ఒకటి గమనించండి. ముగ్గురూ వకీళ్లే. మా 1996 హరిశ్చంద్రుడూ వకీలే. రాసేవారు, వేసేవారు కోర్టుల నుంచీ బళ్ల నుంచీ ఆఫీసుల నుంచీ వచ్చారు. తెరలు రాసేవారు, కిరీటాలు చేసేవారు వేరే వీధుల నుంచి వచ్చారు. చరిత్ర రాసే పని కూడా మొదటి వీధుల వాళ్లదే అయింది. నేను చదివిన వ్యాసాల్లో రాఘవ కంఠం గురించీ కనుచూపు గురించీ పేజీలున్నాయి. ఆయన ఏ తెర ముందు నిలబడ్డాడో, పఠాన్ రుస్తుం వేషంలో చేతిలో పట్టుకున్నది ఎవరు చేశారో ఒక్క వాక్యం కనిపించలేదు.

ఈ రెండు వీధుల తేడా లేని చోటు తెలుగు నాటకంలో ఒకటుంది. సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలైన కుటుంబ నాటకం అది. వాళ్ల ఇంటి భాష ఆరె మరాఠీ. ఇంట్లో ఒక భాష, వేదిక మీద తెలుగు. మన పత్రిక పాఠకులకు వాళ్ల పరిస్థితి విడమరిచి చెప్పనక్కరలేదనుకుంటాను, మనది దానికి అద్దంలో బొమ్మ. నాటకాలకు ముందు వాళ్లు తోలుబొమ్మలాట వాళ్లు. తోలు కోసి రంగు వేసిన చెయ్యే తెర వెనక ఆ బొమ్మను ఆడిస్తుంది. ఆ అలవాటే నాటకంలోకీ తెచ్చుకున్నారు. పద్యం పాడి లోపలికి వెళ్లిన మనిషే తాడు లాగుతాడు.

హైదరాబాదులో ట్రైనింగుకు వెళ్లినప్పుడు లలితకళాతోరణంలో వాళ్ల ‘మాయాబజార్’ చూశాను. లడ్డూలు గాల్లో లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే నా పక్కన కూర్చున్న పిల్లలు కుర్చీలెక్కారు. సురభి మీద రాసేవాళ్లందరూ ఇక్కడే ఆగిపోతారు. ‘అద్భుతం’, ‘ఇంద్రజాలం’, ‘హాలీవుడ్‌కు దీటు’. ఇది మెచ్చుకోలులా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఇదీ చూడకపోవడమే. ఇంద్రజాలం అనేశాక ఇక పని గురించి మాట్లాడే అవసరం ఉండదు. నాకు లడ్డూలకన్నా తెరలు గొప్పగా అనిపించాయి. అంతఃపురం పైకి పోతుంది, అడవి దిగుతుంది. ఈ లోపల పద్యం చివరి రాగం కూడా పూర్తి కాదు. రాగం ఎంతసేపు సాగాలో తాడు లాగేవాడికి తెలుసు, ఎందుకంటే నిన్న ఆ పద్యం వాడే పాడి ఉంటాడు. 1990ల్లో బి.వి. కారంత్ వచ్చి సురభి వాళ్లతో నాటకాలు చేయించారు. కారంత్ చిన్నప్పుడు గుబ్బి వీరణ్ణ కంపెనీలో పెరిగిన మనిషి. నిజం ఏనుగుల్ని వేదికెక్కించిన కంపెనీ అది. కన్నడ కంపెనీ బిడ్డకు సురభి డేరా కొత్త చోటుగా అనిపించి ఉండదు.

పరిషత్తుల్లో ‘ఉత్తమ రంగాలంకరణ’ బహుమతి ఇస్తున్నారు కదా, ఇంకేం కావాలని ఒక మిత్రుడు అడిగాడు. ఆ బహుమతి తెర లేవగానే కనిపించేదానికి ఇస్తున్నారు. అద్దె సోఫా, గోడ గడియారం, ప్లాస్టిక్ పూలు. తెర పడేదాకా ఆ సోఫా మీద ఎవరూ కూర్చోని నాటకానికి బహుమతి రావడం నేను చూశాను. నా లెక్క వేరు. ఆ వస్తువు లేకపోతే నటుడి ఒంట్లో ఏం మారేది? మారకపోతే అది అలంకరణే. మారితే దాని గురించి రాయాలి, నటుడి గురించి రాసే పేరాలోనే రాయాలి.

దీనికి ఎదురుమాట కూడా చెప్పాలి, ఎందుకంటే అన్నది పెద్దాయనే. సంచిక అచ్చయ్యాక సిగ్గుపడుతూనే నా సమీక్ష చదివి వినిపించాను. విని, ‘ఇసక సంగతి రాయకపోయిందే మేలు సార్. రాస్తే మళ్లీసారి జనం ఇసకను చూస్తారు, బిడ్డను చూడరు’ అన్నాడు. ఇది తేలిగ్గా కొట్టేయగల మాట కాదు. చాలా ఏళ్లు ఈ మాటనే అడ్డం పెట్టుకుని నేను హాయిగా ఉన్నాను. కానీ నాకు ముందే తెలిసి కూడా ఏడ్చాను కదా. కుండ ఎలా చేస్తారో తెలిసినంత మాత్రాన నీళ్లు చల్లగా లేకుండా పోవు. ఆయన దాచమన్నది జనం దగ్గర, అదీ నాటకం ముందు. కరపత్రంలో పేరు వేయొద్దని ఆయన ఏనాడూ అనలేదు. వేస్తామని మేమూ ఏనాడూ అడగలేదు.

ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసే పని పోయింది. ఆయనా పోయాడు. పెద్దకొడుకు ఇప్పుడు ఫ్లెక్సీలే అచ్చేస్తాడు. ఈ వ్యాసం రాస్తూ అనుమతి కోసం వెళ్లాను. అంతా విన్నాడు. ‘మా నాయన పేరు శవం బొమ్మతో కలిపి అచ్చులో వద్దు సార్, ఇంట్లో చిన్నపిల్లలున్నారు’ అన్నాడు. కార్యదర్శి భార్య అప్పుడన్న మాట జ్ఞాపకం వచ్చి, ఇంక బలవంతం చేయలేదు. లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. ‘కిరీటాలు, గదలు ఆయనవే కదా సార్. మీ సంఘంలో ఇంకా ఉన్నాయంట. దానికైతే రాసుకోండి.’

ఉన్నాయి. రెండు కిరీటాలు, ఒక గద. ఈ ఏడాది వార్షికోత్సవం కరపత్రం ప్రూఫు నా బల్ల మీదుంది. నటీనటుల పేర్ల కింద, హార్మోనియం పైన ఒక లైను చేర్చి ప్రెస్సుకు పంపాను. ఖర్చేమీ పెరగలేదు.