అతుకు చూసి మెచ్చుకోండి

రకరకాల గుడ్డలు కలిపి కుట్టిన దిండు గలేబు చేతికొస్తే ముందు దాన్ని తిరగేసి చూడాలి. పైన రంగులు పొందిగ్గా పేర్చడం చాలామందికి వచ్చు. కుట్టిన మనిషి ఎంతటి పనిమంతురాలో లోపలి అతుకులే చెబుతాయి.

అనకాపల్లి గవరపాలెంలో, కొత్త అమావాస్యకు జరిగే నూకాంబిక అమ్మవారి జాతర ముందు, మా బంధువుల ఇంట్లో అలాంటి గలేబులు చూశాను. కొత్త కుర్చీలు కొనలేదు, పరదాలు మార్చలేదు. బీరువా అడుగున పడి ఉన్న చీరలు, పంచెలే గలేబులై ముందుగదికి కళ తెచ్చాయి. కుట్టింది ఆ వీధిలోనే మిషను పెట్టుకున్న ఒకావిడ.

ఒక్కో గలేబులో మూడు నేతలు కలిశాయి: పొందూరు ఖద్దరు పంచె ముక్క, మంగళగిరి చీర నిజాం అంచు, ఉప్పాడ పట్టు పైట చెంగు. మూడూ ఆంధ్ర నేతలే అయినా దేని స్వభావం దానిది. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేసి చేత్తో వడుకుతారు కనుక పోగు ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా నడుస్తుంది. మంగళగిరి నేత బిగువు. ఉప్పాడ పట్టు సూది కింద నిలవదు, జారుతుంది.

వీటిని నేరుగా కలిపి మిషను మీద తోస్తే పట్టు ముందుకు పోయి ఖద్దరు ముడతలు పడుతుంది. ఆవిడ ముందు చేత్తో కచ్చా కుట్టు వేసి, ఆ తర్వాతే మిషను ఎక్కించింది. పాత పట్టు వెనక పలచటి నూలు అస్తరు వేసింది, లాగుడంతా అస్తరు మీదే పడేలా. మిషను కుట్టు కూడా మరీ దగ్గరగా వేయలేదు. సూదిపోట్లు ఎక్కువైతే పాత పట్టు ఆ గీత వెంటే చిరుగుతుంది. జరీని సూది తాకకుండా, దాని పక్క నుంచే కుట్టు నడిపింది. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఇదే. జరీ తెగకుండా, అంచు వంకర పోకుండా ఆ సన్నని సందులో మిషను నడపడానికి చేయి బాగా కుదరాలి.

కత్తెర పట్టకముందే నూలు గుడ్డల్ని నానబెట్టి, గంజి వదిలించి ఆరేసిందట. లేకపోతే మొదటి ఉతుకుకే ఒక ముక్క కుంచించుకుని పక్కదాన్ని లాగేస్తుంది. ప్రతి ముక్కలో పడుగు ఒకే దిక్కుకు ఉంది. గలేబు నాలుగు మూలలూ సాగకుండా నిలిచాయంటే కారణం అదే.

మన బొంతల్లో ఈ జాగ్రత్తలు ఇంత అక్కర్లేదు. అక్కడ చీర మీద చీర పరిచి వరసగా కుడతారు, పొరలు ఒకదానికొకటి ఆసరా. గలేబులో మాత్రం దిండు లోపలి నుంచి నెడుతూనే ఉంటుంది, ఆ భారమంతా అతుకుదే.

దిండులో బూరుగు దూది. ఆ పోగు నున్నగా, గుల్లగా ఉండి నీటిని పీల్చదు, తేలుతుంది. అందుకే ఒకప్పుడు అలాంటి దూదిని పడవల్లో ప్రాణరక్షణ కోట్లలో కూరేవారు. ఆ నునుపు వల్లే వదులు నేతలోంచి బయటికి వచ్చేస్తుంది. కనుక లోపలి సంచికి దట్టమైన గుడ్డ వాడి, గలేబు మాత్రం ఉతకడానికి తీసేలా బొత్తాలు, కాజాలు పెట్టింది. జిప్పు పళ్ళకు పట్టు చిక్కుకునే ప్రమాదం లేదు. నాకది మంచి నిర్ణయం అనిపించింది.

మీ ఇంట్లోనూ చిరుగు పట్టిన పట్టుచీర, అంచు మాత్రం మిగిలిన పంచె ఉండే ఉంటాయి. వాటిని పారేయకండి. మీ వీధిలో కుట్టుపని తెలిసినవారికి ఇవ్వండి, పని తొందరపెట్టకండి. కూలి లెక్క కట్టేటప్పుడు గలేబును ఒకసారి తిరగేసి చూసి ఇవ్వండి.