రోజ్ అనే సైకిలూ, తుప్పు పట్టని లోహమూ

ఆఫీసుకీ, తీర్థయాత్రకీ, జడివానకీ కూడా పనికొచ్చే చీర ఒక్కటి చూపించవయ్యా అని బట్టల కొట్లో అడిగి చూడండి. కొట్టతను నిజాయితీపరుడైతే నవ్వి ఊరుకుంటాడు. కాకపోతే ఉన్నవాటిలో ఖరీదైనది తీసి మన ముందు పరుస్తాడు. సైకిళ్ళ విషయంలో ఆ రెండో పనే జరుగుతోందేమోనని నా అనుమానం.

మినియాపోలిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా బంధువుల అమ్మాయి ఒకే ఒక్క సైకిలు కొనుక్కుందామని చూస్తోంది. రోజూ ఆఫీసుకి అదే, సెలవుల్లో నాలుగైదు రోజుల దూర ప్రయాణాలకీ అదే, మంచు పడే నెలల్లో మానకుండా తొక్కడానికీ అదే. టైటానియంతో చేసినదైతే ఈ మూడు పనులకీ సరిపోతుందని ఎవరో చెప్పారట. కేటలాగులు నాలుగు పంపించి, "నువ్వు పుస్తకాల మీద రాస్తూంటావు కదా పిన్నీ, వీటిలో ఏది నిజమో కాస్త చదివి చెప్పు" అంది. సైకిళ్ళ గురించి నాకేం తెలుసు? చదవడం ఒకటే తెలుసు. అందుకని కేటలాగు కూడా ఒక రచనే అనుకుని చదివాను. పక్కన ఇంకో రెండు పుస్తకాలు పెట్టుకున్నాను. ఒకటి డెర్వ్లా మర్ఫీ 1965లో అచ్చువేసిన 'ఫుల్ టిల్ట్'. రెండోది ఫ్రాన్సెస్ విల్లర్డ్ 1895లో రాసిన 'ఎ వీల్ వితిన్ ఎ వీల్'.

మర్ఫీ సంగతి ముందు చెప్పాలి. ఆవిడది ఐర్లండులో లిస్మోర్ అనే చిన్న ఊరు. 1931లో పుట్టింది. పదో పుట్టినరోజుకి ఇంట్లోవాళ్ళు ఒక పాత సైకిలూ, ఒక అట్లాసూ ఇచ్చారు. ఆ రెండిటినీ కలిపి చూసుకున్న పిల్ల, సైకిలు మీద ఇండియా వెళ్ళాలని నిశ్చయం చేసేసుకుంది. ఊరి దగ్గర నిట్టనిలువు కొండదారిలో తొక్కుతూ తన కాళ్ళకేసి చూసుకుని, ఇలా తొక్కుతూ పోతే ఎప్పటికో ఒకప్పటికి ఇండియా రాకపోదు అనుకుందట. పదేళ్ళ పిల్లల లెక్కలు అలాగే ఉంటాయి. విచిత్రమేమిటంటే ఆ లెక్క తప్పలేదు. ఆలస్యమైందంతే.

ఎంత ఆలస్యమనుకున్నారు? ఇరవై ఏళ్ళ పైచిలుకు. తల్లికి కీళ్ళవాతం, మంచం మీదనుంచి లేవలేని జబ్బు. ఇల్లు నడపడానికీ, తల్లిని చూసుకోవడానికీ పద్నాలుగో ఏట బడి మాన్పించారు. తండ్రి జిల్లా గ్రంథాలయాధికారి, ఇల్లంతా పుస్తకాలే, అయినా పిల్ల చదువు మాత్రం ఆగిపోయింది. 1961లో తండ్రి, 1962లో తల్లి పోయారు. 1963 జనవరిలో ఆవిడ డంకర్క్ నుంచి బయల్దేరింది. నాలుగు నెలలు ఆగితే ఎండలొచ్చేవి కదా అని మనకి అనిపిస్తుంది. ఆ ఏడు పశ్చిమ యూరపులో చలి మామూలు చలి కాదు, దశాబ్దాల్లో అలాంటిది చూడలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ముప్ఫై ఒకటో ఏట ఇంటి బాధ్యతలు తీరి స్వేచ్ఛ దొరికిన మనిషికి ఇంకో నాలుగు నెలలు ఆగమని ఎవరు చెప్పగలరు? నేనైతే చెప్పలేను. ఇంట్లో రోగిని పెట్టుకుని ఏళ్ళు గడిపినవాళ్ళకి ఆ జనవరి తొందర ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆవిడ సైకిలు ఆర్మ్‌స్ట్రాంగ్ కేడెట్. మగవాళ్ళు తొక్కే, అడ్డగొట్టం ఉన్న మామూలు ఉక్కు సైకిలు. దానికి డాన్ కిహోటే గుర్రం పేరు పెట్టి, ముద్దుగా 'రోజ్' అని పిల్చుకుంది. కొనేముందు అందరూ ఇంకేం తగిలిద్దామా అని చూస్తారు కదా, ఈవిడ ఉన్నది ఊడదీయించింది. మూడు గేర్లుండే డిరేలర్ ఏర్పాటుని బయల్దేరేముందే తీయించేసింది. ఆసియా దారుల్లో అది నిలవదనీ, పాడైతే బాగుచేసేవాడు దొరకడనీ ఆవిడ లెక్క. టైర్లు మాత్రం దారిలో కొన్నిచోట్లకి ముందే పంపించుకుంది. ఏది అరుగుతుందో దాన్ని ముందుగా పంపించుకోవడం, ఏది విరుగుతుందో దాన్ని వదిలేసుకోవడం. మన అమ్మమ్మలు కాశీ ప్రయాణానికి మూట కట్టిన పద్ధతి ఇదే.

పుస్తకంగా 'ఫుల్ టిల్ట్'లో నాకు నచ్చనివీ ఉన్నాయి. డంకర్క్ నుంచి టెహ్రాన్ దాకా సాగిన శీతాకాలపు ప్రయాణాన్ని ఆవిడ ముందుమాటలో గబగబా చెప్పేసింది. యుగోస్లావియాలో తోడేళ్ళ మీద పిస్తోలు పేల్చడం లాంటి సంగతులు కూడా అక్కడే అయిపోతాయి. రోజువారీ డైరీ టెహ్రాన్ దాటాకనే మొదలవుతుంది. మంచులో చేతులు కొంకర్లు పోతూంటే బ్రేకు ఎలా పట్టుకుందో, చక్రం జారితే ఎలా లేచిందో తెలుసుకుందామంటే అక్కడ దొరకదు. మా అమ్మాయికి కావలసినది సరిగ్గా అదే. ఇంకో లోపం: మనుషుల మీద తీర్పులు ఆవిడకి మరీ తొందర. ఇరానంటే మొహం చిట్లింపు, అఫ్గానిస్తానంటే ఒక్కసారిగా ప్రేమ. రెండు రోజులు చూసి ఒక జాతిని మెచ్చుకోవడమూ, నొచ్చుకోవడమూ కూడా చుట్టపుచూపు తీర్పే. కాకపోతే ఆ అఫ్గానిస్తాన్‌లోనే బస్సులో తుపాకీమడమ తగిలి పక్కటెముకలు విరిగినా ప్రేమ తగ్గలేదు చూడండి, అందుకని ఆ పక్షపాతాన్ని క్షమించేశాను. డైరీని పెద్దగా దిద్దకుండా అచ్చువేయడం వల్ల ఈ తొందరంతా అలాగే మిగిలింది. దిద్ది ఉంటే పుస్తకం మర్యాదగా ఉండేది, ఇంత బతికుండేది కాదు. బాబుసర్ కనుమ దగ్గర రోజ్ని భుజాన వేసుకుని మంచులో నడిచే ఘట్టం మళ్ళీ మళ్ళీ చదివాను. మనిషి సైకిలు మీద వెళ్ళడమే కాదు, అవసరమైతే సైకిలు మనిషి మీద వెళుతుంది.

విల్లర్డ్ పుస్తకం చాలా చిన్నది. అమెరికాలో మద్యనిషేధం కోసం పోరాడిన ఆడవాళ్ళ సంఘానికి అధ్యక్షురాలావిడ. యాభై మూడో ఏట సైకిలు నేర్చుకుంది. పదహారో ఏట పొడుగు గౌనులు తొడిగి, జుట్టు బిగించి కట్టిన రోజునుంచి తన పరుగు ఆగిపోయిందని ఆవిడ రాస్తే, మన ఓణీల రోజు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. ఆవిడ సైకిలు పేరు 'గ్లాడిస్'. సంతోషపెట్టేది కాబట్టి ఆ పేరు. రోజుకి పావుగంట చొప్పున మూడు నెలలు నేర్చుకుంది. ఉపన్యాసాలిచ్చి అలవాటైన మనిషి కదా, సైకిలు ఎక్కడమంటే గుణపాఠం, దిగడమంటే ఇంకో గుణపాఠం! అక్కడక్కడ విసుగొస్తుంది. ఎక్కాలంటే ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చిందని దాచకుండా చెప్పుకోవడం మాత్రం ముచ్చటగా ఉంది.

ఇక కేటలాగులు. వీటిలో సైకిలుకి పేరుండదు, లోహానికే పేరు. ఆడమనిషి ఉండదు, మగమనిషీ ఉండడు. ఎక్కడో కొండ అంచున గోడకానించిన సైకిలు బొమ్మ, దానికి మడ్‌గార్డులుండవు, వెనక కేరియరుండదు, బురద అంటదు. ఇక వర్ణన చూస్తే మన ప్రబంధకవులు నాయిక నడుముని వర్ణించినట్టు గొట్టం సన్నదనాన్ని వర్ణిస్తారు. ఒకసారి కొంటే జన్మంతా సరిపోతుందన్నది పల్లవి. ధర మాత్రం ఆఖరి పేజీలో. చాలావాటికి మూడు నాలుగు వేల డాలర్ల పైమాటే.

అంతా బూటకమని తీసెయ్యడానికీ వీల్లేదు. టైటానియం మనకి పరాయిదేం కాదు. భీమిలి ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మెనైట్‌లో ఉన్నది అదే. మన మొహాన రాసుకునే పౌడర్లలోనూ, గోడకి వేసే తెల్లరంగులోనూ దాని ఆక్సైడే తెలుపు. హైదరాబాదులో 1973లో పెట్టిన మిశ్రధాతు నిగమ్ వారు రాకెట్ల కోసం, విమానాల కోసం టైటానియం మిశ్రమాలు తయారుచేస్తున్నారు. సైకిళ్ళకి ఎక్కువగా వాడేది నూటికి 3 పాళ్ళు అల్యూమినియం, 2.5 పాళ్ళు వెనేడియం కలిపిన రకం. మొదట విమానాల్లో నూనెగొట్టాలకి వచ్చినదది. ఘనసెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు తూగితే ఇది నాలుగున్నర గ్రాములే. కాకపోతే బిగువు ఉక్కులో సగమే కాబట్టి గొట్టాన్ని కాస్త లావు చేయాలి. గాలి తగలగానే పైన ఒక పల్చని పొర కట్టుకుంటుంది, ఉప్పునీరు కూడా దాన్ని తినలేదు.

ఈ ఉప్పు దగ్గరే అసలు సంగతి ఉంది. మినియాపోలిస్ లాంటి ఊళ్ళలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు రోజూ రెండుపూటలా, నాలుగైదు నెలలు, సైకిలు మీద చిందుతాయి. మామూలు ఉక్కు ఫ్రేముకి రంగు ఎక్కడ గీసుకుపోతే అక్కడ తుప్పు. మర్ఫీ ప్రయాణం ఆరునెలలది, ఏడేడు చలికాలాలు అదే సైకిలు మీద ఆఫీసుకెళ్ళవలసిన అవసరం ఆవిడకి లేదు. కాబట్టి రోజ్ మంచిదని, రోజ్ లాంటిదే కొనుక్కోమని ఈ పిల్లకి చెప్పడం న్యాయం కాదు. ఇక్కడ కేటలాగు చెప్పింది నిజమే.

కేటలాగు చెప్పనిదేమిటంటే, తుప్పు పట్టనిది ఫ్రేమొక్కటే. గొలుసు ఉక్కుదే, బేరింగులు ఉక్కువే, బ్రేకుతీగెలు ఉక్కువే. బంగారు గిన్నెకి ఇత్తడి మూత పెట్టినట్టు. పైగా అల్యూమినియం సీటుగొట్టాన్ని టైటానియం ఫ్రేములో దించి, ఉప్పునీటిలో నానబెడితే ఆ రెండు లోహాల మధ్య రసాయనపోరు మొదలై, కొన్నాళ్ళకి గొట్టం ఊడిరానంటుంది. గ్రీజు పూసి, అప్పుడప్పుడూ తీసి మళ్ళీ పూయాలి. ఇంత చిన్న మాటకి ఆ రంగురంగుల పేజీల్లో చోటే దొరకలేదు. ఇంకోటి, టైటానియాన్ని వేడిచేస్తే గాలిని పీల్చుకుని పెళుసుబారుతుంది. ఆర్గాన్ వాయువు కప్పి అతకాలి. దారిలో విరిగితే ఊళ్ళో వెల్డింగు షాపతను చేతులెత్తేస్తాడు. మర్ఫీ గేర్లు తీయించినప్పుడు వేసుకున్న ప్రశ్న, ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారన్నది, ఇక్కడ మళ్ళీ ఎదురవుతోంది. టైటానియం అంత సులభంగా విరగదు, నిజమే. కానీ ఆ ప్రశ్నకి జవాబు ఎక్కడా లేదు.

అసలు ఒకే సైకిలు మూడు పనులకీ సరిపోవాలంటే చూడవలసింది లోహం కన్నా ఖాళీలూ, కన్నాలూ. మంచుమీద జారకుండా టంగ్‌స్టన్ కార్బైడు మేకులున్న వెడల్పాటి టైర్లు పడతాయా? వాటిపైన మడ్‌గార్డుకి చోటుంటుందా? కేరియరు బిగించడానికి ఫ్రేముకి కన్నాలున్నాయా? సంచులు వేలాడదీస్తే తొక్కేటప్పుడు మడమలు తగలకుండా వెనక చక్రం తగినంత దూరంలో ఉందా? గొలుసు బదులు తుప్పులేని బెల్టు వేయించుకుందామంటే, బెల్టుని గొలుసులా విప్పి కలపలేం కనుక ఫ్రేములోనే విడదీసే కీలు ఉండాలి. అది తర్వాత పెట్టించుకునేది కాదు, కొనేరోజే చూసుకోవాలి. ఈ నాలుగు కేటలాగుల్లో ఒక్కటే వీటికి తిన్నగా సమాధానం చెప్పింది. అందులో బొమ్మలు బాగాలేవు, భాషా చప్పగానే ఉంది. నాకు అదే నచ్చింది.

అన్నట్టు, ఫిన్లాండులో ఊలు అనే ఊరుంది. చలికాలపు సైకిలుకి లోకంలో పేరుమోసిన ఊరది. 2013లో దీనికోసం మొదటి అంతర్జాతీయ సమావేశం పెట్టుకున్నదీ అక్కడే. అక్కడ పిల్లలు మంచులో బడికి తొక్కుకుంటూ పోయేది మామూలు సైకిళ్ళ మీదే. ఆ ఊరివాళ్ళు సైకిలు దారుల్లో మంచుని పొద్దున్నే తోసేస్తారు. మంచిదారి ఉన్నచోట ఏ సైకిలైనా నడుస్తుంది, లేనిచోట మనిషి ఒంటరిగా డబ్బుపోసి లోహం కొనుక్కోవాలి. కేటలాగు రాసినవాళ్ళకి దారి గురించి రాయవలసిన పనిలేదు, దారి వాళ్ళు అమ్మరు కదా.

అమ్మాయికి ఇలా రాశాను: మీ ఇంటినుంచి ఆఫీసుదాకా దారిలో మంచు ఎవరు, ఎన్నింటికి తోస్తారో ముందు కనుక్కో. టైటానియమే కావాలంటే ఆ చప్పటి కేటలాగులోది చూడు. కొన్నాక మొదటివారమే సీటుగొట్టానికి గ్రీజు పూయించుకో. 'ఫుల్ టిల్ట్' కూడా పంపుతున్నాను, ముందుమాట వదలకుండా చదువు.

నిన్న ఫోను చేసింది. పుస్తకం టెహ్రాన్ దాకా వచ్చిందట. సైకిలు సంగతి అడిగితే, "ఉండు పిన్నీ, ఆవిణ్ణి ముందు ఢిల్లీ చేరనీ" అంది.