శుభలేఖలో అమ్మ పేరు

తల్లి కనబడకుండా పోయిన ఇంటి గురించి నవల రాసేవాళ్లను మొదట వేధించే ప్రశ్న ఆమెను ఎప్పుడు తిరిగి తీసుకురావాలన్నది. వారపత్రికల సీరియళ్లు నేర్పిన అలవాటది: చివరి వారం తలుపు చప్పుడవుతుంది, గుమ్మంలో ఆమె, ఆపైన రెండు పేజీల సంజాయిషీ. మనుబోలులో అలాంటి నవలే ఒకటి రాసుకుంటున్న ఈ కాలమిస్టు మాత్రం ఆ తలుపు తీయదలుచుకోలేదు.

ధైర్యమిచ్చింది బుచ్చిబాబు. ‘చివరకు మిగిలేది’ 1946–47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. అందులో దయానిధి తల్లి ఎటూ వెళ్లిపోలేదు, చనిపోయింది. ఆమె నడత మీద పడ్డ అపవాదు మాత్రం చావలేదు. డాక్టరై రాయలసీమ దాకా వెళ్లినా ఆ నీడ కొడుకును వదలదు. అపవాదు నిజానిజాలు తేల్చడం మీద నవల నడవదు, అదే దాని బలం. బుచ్చిబాబు షేక్‌స్పియర్ మీద పుస్తకం రాసిన మనిషి. హామ్లెట్‌కు తల్లిని నిలదీసే ఘట్టమైనా ఉంది. దయానిధి తలపడాల్సింది ఊరి నోటితో.

చలం ‘మైదానం’ది ఎదురు దారి. అక్కడ ఇల్లు దాటిన రాజేశ్వరే కథ చెబుతుంది. ఆమె వెనక మిగిలిన ఇంటి సంగతి మనకు పెద్దగా పట్టదు.

ఈ కాలమిస్టుకు పట్టింది సరిగ్గా ఆ ఇల్లే. మనుబోలు రైలు లైను మీదా హైవే మీదా ఉన్న ఊరు. వెళ్లదలచినవాళ్లకు దారి కరువు లేదు. ‘ఆయమ్మ సంగతి మనకెందుకబ్బా’ అంటూనే మొదలుపెట్టేవాళ్లకీ కరువు లేదు. అసలు చిక్కు తర్వాత వస్తుంది. చనిపోయిన తల్లికి తద్దినం పెడతారు, ఫొటోకి దండ వేస్తారు. జాడ తెలియని తల్లికి? కూతురి పెళ్లి కుదిరితే శుభలేఖలో ఆమె పేరుకు ముందు ‘కీ.శే.’ వేయాలా, శ్రీమతి అనాలా?

చట్టం దగ్గర ఒక లెక్క ఉంది. సహజంగా కబురు తెలియాల్సినవాళ్లకు 7 ఏళ్లుగా ఏ కబురూ లేకపోతే, ఆ మనిషి బతికే ఉందనేవాళ్లే రుజువు చూపాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 108వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 111. ఆస్తి కాగితాలకు అది చాలు. అయితే ఆమె ఏ రోజు పోయిందో ఆ సెక్షన్ చెప్పదు. తద్దినానికి తిథి కావాలి కదా!

నవలాకారుడికి ఇంతకంటే పెద్ద రహస్యం అక్కర్లేదు. ప్రేమికుడు, విషం, దాచిన వీలునామా వంటివన్నీ కొట్టేసి, ఆయన ఇప్పుడు తండ్రీ కూతుళ్లను గూడూరులో ఒక ప్రెస్సులో ప్రూఫు ముందు కూర్చోబెట్టాడు. తండ్రి ‘కీ.శే.’ రాయించాడు. కూతురు పెన్ను అడుగుతోంది.