కల్యామాకు కొమ్మ

పెరడా, నా పిడికెడు పచ్చదనమా! సైదాబాద్ గల్లీలో గోడకు గోడ ఆనుకుని, మిద్దెకు మిద్దె భుజం రాసుకుని నిలిచిన ఇళ్ల వెనకాల, దుప్పటి ఆరేసినంత మేర మట్టివై మిగిలావు నువ్వు. ఒక వేప, ఒక జామ, ఒక కల్యామాకు చెట్టు, గోడవార మందార, నల్లా కింద అంచు పగిలిన గాబు. ఇంతే నీ ఆస్తి. ఆ ఇంతలోనే ఎంత రాజ్యం ఏలుతున్నావే తల్లీ! ఎన్ని రెక్కల దర్బారు, ఎన్ని తోకల ఊరేగింపు, ఎన్ని గొంతుల కచేరీ!

తెల్లవారుజామున మజీదు అజా గాలిలో సాగి సాగి సద్దుమణగక ముందే నీ వేపకొమ్మ మీద కోయిల గొంతు సవరించుకుంటుంది. ఒక కూత, దానికి మెట్టు పైన ఇంకో కూత, ఆ పైన ఇంకోటి. ఇక పై మెట్టు లేదనుకున్నచోట మరొకటి! ఆలికి చుక్కల చీర, తనకు నిగనిగల నలుపు, పిల్లల పెంపకం మాత్రం కాకికి అప్పగింత. పాటకు మురిసి ఆ నేరాన్ని నేనెప్పుడో మాఫీ చేశాను. కాకి చేసిందో లేదో!

నీ ఉడుతలు జామకాయను పండనిస్తాయా? సగం కొరికి కింద పడేస్తాయి, తోక జాడించి నన్నే కసురుతాయి. రాముడు నిమిరిన చారలు వీపున మోస్తున్నవాళ్లని ఏమనగలం? సేతువు కట్టిన వంశానికి సగం జామకాయ ఏపాటి!

దసరా నాడు పాలపిట్ట కోసం ఊరంతా పొలిమేర దాకా పోతుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి అది, దాని నీలమంటే నాకూ ప్రాణమే. కానీ పంజరంలో ముడుచుకుని పైసలకు దర్శనమిచ్చే పాలపిట్టను ఒకసారి చూశాక వెతకడం మానేశాను. నీ నీలానికి తిథి వేరు. శివరాత్రికి చలి శివశివా అని పోయాక, మందార మీద వాలుతుంది తేనెపిట్ట. బొటనవేలంత ఒళ్లు, వంకీ తిరిగిన సూదిముక్కు. నీడలో బొగ్గు, ఎండలోకి జరిగితే నీలం, మెడ తిప్పితే ఊదా, మళ్లీ బొగ్గు. పువ్వు ముంగిట నుంచి పోయే ఓపిక లేక, తొడిమ దగ్గరే చిల్లు పొడిచి తేనె జుర్రుకుంటుంది. ఆ పక్కనే దర్జీపిట్ట. ఒళ్లు చూస్తే ఉసిరికాయంత, గొంతు చూస్తే మాదన్నపేట మండీలో కూరగాయలమ్మే మనిషంత! ఆకు అంచున ముక్కుతో బెజ్జం వేసి, సాలెపట్టు దారం, దూదిపోగు దూర్చి, ఇల్లే కుట్టుకుంటుంది.

ఇక నీ కల్యామాకు చెట్టు. అక్కడికొచ్చేసరికి నాకు మాట తడబడుతుంది. లేత చిగురు కొసన ఒకే ఒక్క పసుపు ముత్యం, ఆవగింజకన్నా చిన్నది. అందులోంచి వచ్చిన పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్ట. చూసిన పిట్ట ముఖం తిప్పుకుని పోతుంది. తిని తిని, కుబుసం విడిచి విడిచి, ఒకనాడు ఉన్నట్టుండి ఆకుపచ్చ పట్టుచొక్కా తొడుక్కుంటుంది. వేలితో తాకానా, తల వెనకనుంచి పాము నాలుకలాంటి రెండు పాయల కొమ్ము బయటికి తీసి, ఘాటైన వాసన వదులుతుంది. చిటికెనవేలంత ప్రాణి ఇంత మనిషిని బెదిరించింది. నేను బెదిరాను కూడా. తర్వాత ఒక రాత్రి తిండి మానేసింది. తాటిచెట్టెక్కే గౌడన్న మోకు వేసుకున్నట్టు, నడుముకు ఒక్క పట్టుదారం చుట్టుకుని, కొమ్మకు ఆనుకుని, ఆకులో ఆకైపోయింది.

"పప్పుల ఏసెటందుకు పది రెబ్బలియ్యరు గని, పురుగుకు చెట్టంత రాసిచ్చిండ్రు" అంది మా ఆవిడ. అంటూనే, పనిమనిషి పొరపాటున తెంపకుండా ఆ కొమ్మకు ఎర్రదారం కట్టింది.

1908లో మూసీ పొంగి పట్నాన్ని ముంచిననాడు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 150 మందిని కొమ్మల్లో మోసి బతికించిందని ఈ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ చెట్టుకు చుట్టం కదూ నీ వేప! దానికి రోజూ వరదే. పొద్దు వాలితే గోరువంకల వరద, రామచిలుకల వరద, రెక్కల మీద రెక్కలు, అరుపుల మీద అరుపులు. అందరినీ మోస్తుంది. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల లెక్క తీశాడు. ఆ ఓపిక నాకెక్కడిది? ఎనిమిది దగ్గరో పదకొండు దగ్గరో ఏదో ఒకటి ఎగిరి, నా లెక్కను మళ్లీ ఒకటికి తెస్తుంది. హరిణ వనస్థలిలో కృష్ణజింకల పరుగు చూసొచ్చిన సాయంత్రం కూడా, గోడ కింది తూములోంచి ముంగిస ముక్కు బయటపెట్టగానే ఆ జింకలన్నీ మరుపున పడ్డాయి.

తొలకరి రాత్రి నువ్వు మరీ మాయలాడివి! గాబు చాటునుంచి గోదురుకప్ప గరగరమంటుంది, గోడ మీద బల్లి చప్పరిస్తుంది, పిడికెడంత గుడ్లగూబ పసుపు కళ్లతో నన్ను ఎగాదిగా చూస్తుంది. తడిసిన మన్ను, తడిసిన ఆకు, తడిసిన చీకటి. కరెంటు పోతే బాగుండుననిపించే రాత్రులు ఈ పట్నంలో నాకు నీ దగ్గరే దొరికాయి.

నిన్న పొద్దున చూస్తే, ఎర్రదారం కట్టిన కొమ్మ మీద పురుగు గూడు నల్లబడింది. లోపలి రెక్కల బొమ్మ పైకి కనిపిస్తోంది. చాయ్ చల్లారిపోయింది. వీపు చీలింది. నలిగిన తడిగుడ్డలాంటిదేదో పాకి బయటికొచ్చి, ఖాళీ గూడును పట్టుకుని వేలాడింది. మెల్లమెల్లగా మడతలు విడుతూ, నలుపు మీద లేతపసుపు అచ్చులు, వెనక రెక్క మూలన కుంకుమబొట్టు. ఎండ గోడ దిగేదాకా ఆరింది. రెండుసార్లు రెక్కలు విప్పి మూసి, మూడోసారి శంకేశ్వర్ బజార్ వైపు ఎగిరిపోయింది.

మా ఆవిడ పళ్లెంతో వచ్చింది. ఎర్రదారం విప్పి వేలికి చుట్టుకుంది. కళ్లద్దాలు సరిచేసుకుని, తెంపకుండా, చిగుళ్ల కొసలు ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది.