ఈ ఏడు ఏ సీసా?

సోమవారం పొద్దున్నే ఫోనుకు మెసేజి వచ్చింది. "మీ చుక్కకు ఏటా వేయించాల్సిన టీకాల గడువు దాటింది. వెంటనే తీసుకురండి." మేం వెళ్లే క్లినిక్కు నుంచి. గడువు దాటి రెండు రోజులైంది, అంతే. ఆ "వెంటనే" అన్న మాట చూసేసరికి నాకు ఒళ్లు మండింది. పోయినేడు సూదులు వేయించుకొచ్చాక మా కుక్క చుక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. సూది పడినచోట ఉసిరికాయంత గడ్డ కట్టి, పది రోజులకు గాని కరగలేదు. ఈ కాలమ్ చదివేవారికి చుక్క కొత్త కాదు. నుదుటి మీద తెల్లమచ్చ, ఏడేళ్ల వయసు, గేటు చప్పుడైతే చాలు ఇల్లంతా లేపే గొంతు. అది నోరెత్తకుండా మూల పడుకున్న ఆ రెండు రోజులూ నాకింకా గుర్తున్నాయి.

కోపం వస్తే నేను చేసే పని మీకు తెలుసు. కాగితం చదువుతాను. మందు డబ్బాలో మడతలు పెట్టి ఉండే ఆ పల్చటి కాగితం చదవందే మాత్ర మింగొద్దని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో. ఈసారి చుక్క టీకాల కార్డు తీశాను. వేసిన ప్రతి టీకా సీసా మీది చీటీ ఊడదీసి అందులో అంటిస్తారు. బ్యాచి నంబరు, గడువు తేదీ అన్నీ ఉంటాయి. వేలు పెట్టి లెక్కపెట్టాను. పిల్లప్పటి డోసులు పోగా డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్‌ల టీకా పెద్దయ్యాక ఆరుసార్లు పడింది. మన పిల్లలకు తట్టు టీకా ఏటేటా వేయిస్తున్నామా? మరి దీనికెందుకు?

ఈ ప్రశ్న పాతదే. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త 1970ల నుంచే దీని వెంటపడ్డారు. టీకా వేసిన కుక్కలను ఏళ్ల తరబడి పరీక్షించి, ఈ మూడు జబ్బుల మీదా రక్షణ ఏడాదితో పోయేది కాదని చూపించారు. కంపెనీలు తమ టీకా ఏడాదిపాటు పనిచేస్తుందని రుజువు చేసి, కాగితం మీద ఏడాది అని రాశాయి. ఏడాది దాటితే పనిచేయదని ఎవరూ రుజువు చేయలేదు. ఆ రాత కాస్తా అలవాటైంది. 2003లో అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్, పెద్ద కుక్కలకు ఈ టీకాలు మూడేళ్లకోసారి చాలంది. పెంపుడు జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం, డబ్ల్యూఎస్‌ఏవీఏ, ఇప్పటికీ చెప్పేది అదే: మూడేళ్లకంటే ముందు వద్దు.

ఈ మూడేళ్ల లెక్క కుక్కపిల్లలకు వర్తించదు. కుక్కపిల్లలో తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా విడతలుగా వేస్తారు. ఆరు నెలలకో ఏడాదికో ఇంకొకటి వేస్తారు. "మా పిల్లకు ఒక సూది వేయించాంగా" అని ఊరుకున్న ఇళ్లలోనే పార్వోతో నెత్తుటి విరేచనాలై కుక్కపిల్లలు పోవడం చూశాను. అక్కడ ఒక్క డోసూ తగ్గించకూడదు.

ఇంత సరంజామాతో బుధవారం క్లినిక్కుకు వెళ్లాను. డాక్టరమ్మ నా కూతురి ఈడుది. నేను చెప్పిందంతా విని, ఫ్రిజ్ తెరిచి రెండు చిన్న సీసాలు బల్ల మీద పెట్టింది. ఒకదాని అడుగున తెల్లటి పొడి బిళ్లలా అతుక్కుని ఉంది. రెండోదాంట్లో నీళ్లలాంటి మందు.

"మీరు చెప్పింది నిజమేనమ్మా. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ ఈ పొడిలో ఉంటాయి. బలం తగ్గించిన బతికున్న వైరస్‌లు. ఒంట్లో చేరి కాస్త పెరుగుతాయి కాబట్టి ఒళ్లు వాటిని ఏళ్ల తరబడి మరిచిపోదు. చుక్కకు ఈ పొడి ఇంకో రెండేళ్లదాకా అక్కర్లేదు. కానీ దాన్ని కలిపే ఈ నీళ్ల సీసాలో లెప్టోస్పైరోసిస్ టీకా ఉంది. చంపేసిన బ్యాక్టీరియా. దీని బలం ఏడాదికి మించి నమ్మలేం. మీరుండేది సింగ్‌నగర్ కదమ్మా?"

ఆ మాటతో నా నోరు మూతపడింది. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మా వీధిలో నడుముల్లోతు నీళ్లు. కన్నాల్లోని ఎలుకలన్నీ పైకి వచ్చాయి. చుక్క ఆ నీళ్లలోనే తిరిగింది, ఆ నీళ్లే నాకింది. లెప్టో ఎలుకల మూత్రంలోంచి నీళ్లలోకీ, నీళ్లలోంచి కుక్కకూ మనిషికీ చేరుతుంది. మూత్రపిండాలను, కాలేయాన్ని పట్టుకుంటుంది. ఈ జబ్బులన్నిటికీ ఒకటే సూది అనుకున్నాను గాని, ఆ సూదిలో రెండు వేరు వేరు కాలాలు కలిసి ఉన్నాయని నాకు తట్టలేదు.

"పోనీ, రేబిస్ టీకా అయినా మూడేళ్లకోసారి వేయొచ్చుగా?" అన్నాను.

"మూడేళ్లకు అనుమతి ఉన్న టీకాలు, ఆ పద్ధతి నడిచే దేశాలు ఉన్నాయి. మన వీధుల్లో రేబిస్ తిరుగుతూనే ఉంది కదా, ఇక్కడ మేం ఏటా వేస్తాం. అయినా ఇది చుక్క ఒక్కదాని కోసం వేసే సూది కాదమ్మా."

ఆ మాట నన్ను 1971కి తీసుకుపోయింది. గుడివాడ దగ్గర మా ఊరు. నాకు తొమ్మిదేళ్లు. మా కుక్క మోతి ఉన్నట్టుండి తిండి మానేసింది. కరవలేదు, మొరగలేదు, ఎవరి వెంటా పడలేదు. కింది దవడ వేలాడేసుకుని, చొంగ కారుస్తూ గడ్డివాము పక్కన కూర్చుంది. గొంతులో ఎముక ఇరుక్కుందన్నారు అందరూ. నేను దాని తల ఒళ్లో పెట్టుకుని పట్టుకుంటే, మా చిన్నాన్న దాని నోట్లో చెయ్యి పెట్టి ఎముక కోసం వెతికాడు. ఎముక లేదు. మూడోనాటికి మోతి పోయింది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చి సంగతంతా విని, ఒకటే అడిగాడు: "నోట్లో చెయ్యి పెట్టిందెవరు?"

పిచ్చికుక్క అంటే కనపడినవాళ్లనల్లా కరిచేదనే తెలుసు మాకు. మూగగా కూర్చుని, దవడ పడిపోయి చచ్చేది కూడా అదే జబ్బని తెలియదు. మర్నాటి నుంచి చిన్నాన్నా నేనూ తెల్లవారుజామున బస్సెక్కి గుడివాడ ఆసుపత్రికి పోవడం, బొడ్డు చుట్టూ సూదులు వేయించుకుని రావడం. పద్నాలుగు రోజులు, పద్నాలుగు సూదులు. గొర్రె మెదడు నుంచి తీసిన మందు అది. కసౌలిలో డేవిడ్ సెంపుల్ 1911లో తయారుచేసిన పద్ధతి. దానితో కొందరికి కాళ్లూ చేతులూ పడిపోయేవి. మన దేశం దాన్ని పూర్తిగా ఆపింది 2004 చివరికి.

సూదుల నొప్పి మరిచిపోయాను. మరవనిది నాయనమ్మ చెంబు. ఆ జబ్బు బయటపడడానికి నెలలు పట్టొచ్చనీ, వస్తే నీళ్లు చూడలేరనీ ఆమెకు ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి రాత్రి భోజనాలయ్యాక చిన్నాన్న చేతికి చెంబెడు నీళ్లిచ్చి, ఎదురుగా లాంతరు పెట్టుకుని కూర్చునేది. గుటక గుటకకూ ఆయన గొంతు కదలడం చూసేది. చెంబు ఖాళీ అయ్యాకే పక్క వేసేది. ఆ తర్వాత నా చేతికిచ్చేది. సంక్రాంతి వెళ్లింది, ఉగాది వచ్చింది, చెంబు ఆగలేదు. చిన్నాన్న ఆ తర్వాత 45 ఏళ్లు బతికాడు. నీళ్లు తాగేటప్పుడు తనవంక ఎవరైనా చూస్తే మాత్రం చివరిదాకా చెంబు దించేసేవాడు.

మోతికి ఒక్క సూది పడి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. కుక్కకు వేసే టీకా అప్పటికే ఉంది. మా ఊళ్లో ఎవరం వేయించలేదు.

బుధవారం పొడి సీసా తిరిగి ఫ్రిజ్‌లోకి వెళ్లింది. నీళ్ల సీసా, రేబిస్ చుక్కకు పడ్డాయి. గడ్డ కట్టలేదు గాని, కట్టినా బాధపడకూడదని ముందే అనుకున్నాను. నిన్న జూలై 6, జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం. 1885లో ఇదే రోజున పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబిస్ టీకా మొదలుపెట్టారు. మన ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఆ రోజు ఉచితంగా వేస్తారు. చుక్క రోజూ ముక్కులు రాసుకునే మా వీధి కుక్కలు రెండింటిని, టీకొట్టు అబ్బాయి సాయంతో ఆటోలో తీసుకెళ్లాను. ఊళ్లోని కుక్కల్లో నూటికి 70కి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందంటారు. ఆ లెక్కలోకి మా వీధి నుంచి మూడు చేరాయి.

ఏటేటా టీకాలు దండగని రాద్దామనే సోమవారం కలం పట్టాను. ఇప్పుడు మీకు చెప్పేది వేరు. తారీఖు మానకండి, ఏటా వెళ్లండి. వెళ్లి, కార్డు డాక్టరు ముందు పెట్టి, "ఈ ఏడు ఏ సీసా?" అని అడగండి. వద్దన్నది వదిలేయండి, కావాలన్నది ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. గుటకలు లెక్కపెట్టిన ఇంట్లో పెరిగినదాన్ని. "వెంటనే" అన్న మాట మీద నేనిక కోపగించుకోను.