పిక్క కండా, వీపు కండా

ముంగాలిని తడిమితే చేతికి ఎముకే తగులుతుంది. దాని మీద చర్మం తప్ప కండ లేదు. చీపురుపల్లి రోడ్డు మీద బైకు జారి, లారీ చక్రం ఆ చర్మాన్ని ఊడదీసిందంటే ఎముక బయటపడుతుంది. ఎండిపోయిన ఎముక మీద తొడ చర్మం అతికించినా నిలవదు. ముందు నెత్తురాడే కండ పరవాలి. ఆ కండ ఎక్కణ్ణుంచి తేవాలి?

సర్జన్ రాల్ఫ్ గెర్ 1968లో రాసిన వ్యాసం పక్కనున్న కండనే తిప్పి కప్పమంది. ల్యుబ్లియానా సర్జన్ మార్కో గొడీనా వ్యాసం ఆయన చనిపోయాక 1986లో అచ్చయింది. వీపు కండలాంటిదాన్ని రక్తనాళాలతో సహా కోసి తెచ్చి, మైక్రోస్కోపు కింద కాలి నాళాలకు కుట్టాలన్నాడాయన. అదీ 72 గంటల్లోపు. ఆయన లెక్కలో 532 మంది రోగులున్నారు. ఆ గడువులో చేసినవాటిలో విఫలమైనవి 0.75 శాతం; అది దాటి మూడు నెలల్లోపు చేసినవాటిలో 12 శాతం.

గెర్ దారిలో నాకు నచ్చేది, రక్తనాళం తెగకపోవడం. పిక్కలో పైనుండే గాస్ట్రోక్నీమియస్ కండకు నెత్తురు మోకాలి వెనకనుంచి వస్తుంది. కింది కొస విడదీసి ముందుకు తిప్పితే ముంగాలి పై మూడో వంతును కప్పుతుంది. దాని అడుగునున్న సోలియస్ మిగులుతుంది కాబట్టి మడిలో దిగే మనిషి నడక పెద్దగా చెడదు. నడిమి గాయానికి ఆ సోలియస్సే పనికొస్తుంది. అయితే అది ఎముకను ఆనుకునే ఉంటుంది. ఎముకను నుజ్జు చేసిన దెబ్బ దాన్నీ నలిపేస్తుంది. 2000లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం దీన్నే సూచించింది: ఎముక బాగా నుజ్జయిన కాళ్లలో పక్క కండ తిప్పినవారికి, వేరేచోటి కండ తెచ్చి కుట్టినవారికంటే, మళ్లీ ఆపరేషన్ చేయాల్సినంత చిక్కులు 4.3 రెట్లు ఎక్కువ. ఇక చీలమండ దగ్గర స్నాయువులే తప్ప తిప్పడానికి సరైన కండ లేదు. సాగదీసి అక్కడిదాకా లాగితే ఆ కొసే ముందు నల్లబడుతుంది.

గొడీనా గడియారం దెబ్బ తగిలిన క్షణాన మొదలవుతుంది, ఆసుపత్రి గడపలో కాదు. కట్టు కట్టించుకుని, డబ్బు సర్దుకుని, విజయనగరం మీదుగా విశాఖ కె.జి.హెచ్. చేరేసరికి మనవాళ్లకు మూడు రోజులు ఇట్టే గడిచిపోతాయి. అందుకని ఆ వ్యాసాన్ని పెద్ద ఊళ్ల వైద్యమని పక్కన పెట్టేయడం పొరపాటని నా అభిప్రాయం. మైక్రోస్కోపు సంగతి అందులో సగమే. చచ్చిన కండనంతా నిర్దాక్షిణ్యంగా కోసేసి, చీము పట్టకముందే కప్పమన్నది మిగతా సగం. ఆ సగం గెర్ చెప్పిన పిక్క కండకూ వర్తిస్తుంది.

మోకాలి కింది గాయానికి గెర్ కండ, గొడీనా గడువు రెండూ కావాలి. చీలమండ గాయానికి మొదటి పూటే గాయం కడిగి, మైక్రోస్కోపు ఉన్న చోటికి చీటీ రాసి పంపాలి. నాలుగో రోజు దుర్వాసన వచ్చాక రాసే చీటీతో ఆ కాలు దక్కడం చాలా కష్టం.