దొంగదెబ్బ ఎవరిది? నాచారం గదాయుద్ధంలో నాయక, ప్రతినాయక స్థానాలు

వ్యాససంగ్రహం

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో టైటిల్ పోరు ముందే నిర్ణయమైన ఫలితంతో నాయక, ప్రతినాయకుల మధ్య సాగే ప్రదర్శన. అందులో నియమోల్లంఘన సాధారణంగా ప్రతినాయకుని లక్షణం. భారతకథలోని భీమ దుర్యోధనుల గదాయుద్ధంలో నియమం తప్పిన దెబ్బ నాయకునిది. హైదరాబాదు తూర్పు భాగంలోని నాచారంలో, రామకృష్ణా సినీ స్టూడియోస్ నిర్మించిన ‘దాన వీర శూర కర్ణ’ (1977) ఈ వైపరీత్యాన్ని పాత్రధారుల ఎంపిక ద్వారా మరింత తీవ్రం చేసింది. రెజ్లింగ్ ప్రదర్శన సూత్రాల వెలుగులో ఆ గదాయుద్ధ ఘట్టాన్ని పరిశీలించి, తెలుగు ప్రేక్షకునికి సుయోధనునిపై గల ఆదరానికి కారణాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: గదాయుద్ధం, ప్రొఫెషనల్ రెజ్లింగ్, ప్రతినాయకుడు, శల్యపర్వం, పౌరాణిక చలనచిత్రం, నాచారం.

1. ఉపోద్ఘాతం

ఉప్పల్, నాచారం ఇరుగుపొరుగు ప్రాంతాలు. రెండూ పారిశ్రామికవాడలుగా పేరుపొందినవే. అయితే పోటీని చూడటంలోని రెండు భిన్న పద్ధతులకు ఈ రెండు చోట్లూ ప్రతీకలుగా నిలుస్తాయి. ఉప్పల్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానంలో ఫలితం ఎవరికీ ముందుగా తెలియదు. 2024 జనవరిలో అక్కడ జరిగిన టెస్టులో తొలి ఇన్నింగ్స్‌లో 190 పరుగుల ఆధిక్యం సాధించిన భారత జట్టు చివరకు ఇంగ్లండు చేతిలో 28 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ ఓటమి ప్రేక్షకునికి బాధ కలిగించింది కాని అధర్మంగా తోచలేదు. గెలిచిన జట్టును ఎవరూ ప్రతినాయకునిగా లెక్కించలేదు.

నాచారంలో నందమూరి తారక రామారావు 1976లో నెలకొల్పిన స్టూడియోలో ప్రధానంగా రూపొందిన ‘దాన వీర శూర కర్ణ’లోని పోటీ ఇందుకు భిన్నమైనది. భీమ సుయోధనుల పోరులో ఎవరు కూలుతారో టిక్కెట్టు కొనక ముందే ప్రేక్షకునికి తెలుసు. అతడు చూడవచ్చినది ఫలితాన్ని కాదు, ఆ ఫలితం న్యాయమా కాదా అన్న విచారణను. ఈ దృష్టితో చూస్తే పౌరాణిక గదాయుద్ధానికి క్రీడ కన్నా ప్రొఫెషనల్ రెజ్లింగే దగ్గరి బంధువు.

2. రెజ్లింగ్ ప్రదర్శన: సూత్రాలు

ప్రొఫెషనల్ రెజ్లింగ్ పరిభాషలో నాయకుణ్ణి ‘ఫేస్’ అనీ, ప్రతినాయకుణ్ణి ‘హీల్’ అనీ వ్యవహరిస్తారు. కల్పితమైన వైరాన్ని నిజమైనదిగానే బయటివారి ముందు నిలబెట్టే వృత్తినియమం ‘కేఫేబ్’. ఒక మల్లుడు ఒక పక్షం నుంచి మరొక పక్షానికి మారడం ‘టర్న్’. ఛాంపియన్ నడుముకు కట్టుకొనే బెల్టు ఈ కథలన్నింటికీ కేంద్రం. అది ఎవరి నడుమున ఉందో దానిని బట్టి ఆ లోకంలో ధర్మం నిలిచిందో లేదో ప్రేక్షకుడు నిర్ణయించుకొంటాడు.

ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ తన ‘మిథాలజీస్’ (1957) గ్రంథంలో రెజ్లింగ్‌ను క్రీడగా గాక ప్రదర్శనగా, ప్రాచీన నాటకానికి సన్నిహితమైనదిగా వివరించాడు. ఆయన పరిశీలనలో రెండు అంశాలు ఇక్కడ ఉపకరిస్తాయి. మొదటిది, ప్రతినాయకుని నీచత్వం అతని శరీరంలోనే కనబడాలి. బార్త్ చూపిన ఉదాహరణ వేలాడే కండరాలు గల ఒక యాభై ఏళ్ల స్థూలకాయుడు. రెండవది, రెజ్లింగ్‌లో న్యాయం అంటే చేసినదానికి తగిన ప్రతిఫలం. అందువల్ల దుష్టుణ్ణి శిక్షించడానికి నాయకుడు నియమం దాటినా ప్రేక్షకుడు హర్షిస్తాడు.

ఈ వ్యవస్థకు హైదరాబాదులోనే ఒక సమీప ఉదాహరణ ఉంది. 2023 సెప్టెంబరు 8న నగరానికి మరో కొసన, గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. ప్రదర్శన జరిగింది. ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ కోసం ఆస్ట్రియాకు చెందిన ప్రతినాయకుడు గుంథర్‌తో భారతీయ మల్లుడు షాంకీ తలపడ్డాడు. గుంథర్ బెల్టు నిలబెట్టుకొన్నాడు. 2022 జూన్ 10న ఆ టైటిల్ గెలిచిన గుంథర్, హాంకీ టాంక్ మ్యాన్ పేరిట ఉన్న 454 రోజుల రికార్డును దాటినది సరిగ్గా ఆ రోజే. స్థానిక ప్రేక్షకుని అభిమానం ఒక రాత్రిది, బెల్టు కథ ఏడాదికి పైబడినది. రెజ్లింగ్‌లో న్యాయం ఎప్పుడూ వాయిదా పడవచ్చు, ఎందుకంటే మరో రాత్రి, మరో పోటీ ఉంటుంది. గదాయుద్ధానికి ఆ వెసులుబాటు లేదు. విరిగిన తొడతో రెండవ పోటీ ఉండదు.

3. శల్యపర్వంలోని టైటిల్ పోరు

వ్యాసభారత శల్యపర్వంలోని గదాయుద్ధం నిర్మాణరీత్యా టైటిల్ పోరే. మడుగులో దాగిన దుర్యోధనునితో ధర్మరాజు, తమలో ఏ ఒక్కరితోనైనా ఇష్టమైన ఆయుధంతో పోరాడమనీ, గెలిస్తే రాజ్యం అతనిదేననీ అంటాడు. పద్దెనిమిది రోజుల యుద్ధఫలితం ఒక్క ద్వంద్వయుద్ధానికి పణంగా మారుతుంది. ఇంత సాహసమైన మాట ఇచ్చినందుకు కృష్ణుడు ధర్మరాజును మందలిస్తాడు.

పోటీలో ఎవరి బలం ఏమిటో కూడా కృష్ణుడే వివరిస్తాడు. దేహబలం భీమునిది, కౌశలం దుర్యోధనునిది. నియమబద్ధంగా పోరాడితే భీముడు గెలవలేడన్నది ఆయన అంచనా. అంటే ఈ కథలో విద్యలో మేటి ప్రతినాయకుడే. కృష్ణుని మాటను అందుకొని అర్జునుడు తన తొడ చరచి సంజ్ఞ చేస్తాడు. నాభికి దిగువన కొట్టరాదన్న గదాయుద్ధ నియమాన్ని భీముడు దాటుతాడు. పడినవాని తలను కాలితో తన్ని ధర్మరాజు చేత అభ్యంతరం చెప్పించుకొంటాడు.

రెజ్లింగ్ పోటీలలో రిఫరీ చూడని క్షణంలో దొంగదెబ్బ పడటం పరిపాటి. దానిని ప్రేక్షకుడు మాత్రమే చూస్తాడు. అతని ఆగ్రహానికి మూలం ఆ తేడాయే. శల్యపర్వంలో న్యాయనిర్ణేత స్థానంలో ఉన్నవాడు బలరాముడు, ఇద్దరికీ గురువు. అతడు దెబ్బను కళ్లారా చూస్తాడు, నాగలి ఎత్తుతాడు. కృష్ణుడు ఆపుతాడు. సభలో భీముడు చేసిన ప్రతిజ్ఞను, కౌరవుల పూర్వాపరాధాలను గుర్తుచేస్తాడు. ఇది బార్త్ చెప్పిన ప్రతిఫల న్యాయమే. అయినా బలరాముడు సమాధానపడడు. దుర్యోధనుడు ఋజుయోధిగానూ, భీముడు కపటయోధిగానూ లోకంలో పేరుపొందుతారని తీర్పు చెప్పి ద్వారకకు వెళ్లిపోతాడు. ఆ తరువాత దుర్యోధనుడు కృష్ణుని వ్యూహాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపినప్పుడు ఆకాశం నుంచి పూలవాన కురుస్తుంది.

కవి భీముని గెలుపును రద్దు చేయలేదు, దుర్యోధనుని ఫిర్యాదును కొట్టివేయనూ లేదు. భాసుని ‘ఊరుభంగం’ మొదలుకొని 10వ శతాబ్దికి చెందిన కన్నడ కవి రన్నని ‘గదాయుద్ధం’ వరకు ఈ ఘట్టాన్ని ప్రత్యేక కావ్యవస్తువుగా స్వీకరించడానికి పరిష్కారం కాని ఈ ఫిర్యాదే ప్రేరణ కావచ్చు.

4. పాత్రధారణలో తారుమారు

తెలుగు పౌరాణిక చిత్రాలలో మల్లయుద్ధ ఘట్టాలకు మొదట నిజమైన బలశాలుల శరీరాలను ఆశ్రయించిన ఉదాహరణ ఉంది. ‘నర్తనశాల’ (1963)లో భీముని పాత్రను భారోత్తోలన క్రీడాకారుడు దండమూడి రాజగోపాలరావు ధరించాడు. అక్కడ భీముని బలానికి నటుని దేహమే సాక్ష్యం. నాచారం చిత్రం ఆధారపడినది తారాప్రతిష్ఠపై.

‘దాన వీర శూర కర్ణ’లో ఎన్.టి. రామారావు కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు అనే మూడు పాత్రలు ధరించి స్వయంగా దర్శకత్వం వహించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్లు. బార్త్ వర్ణించిన ప్రతినాయకునిది, ఈ సుయోధనునిది ఇంచుమించు ఒకే ప్రాయం. అయితే అక్కడ శరీరం చూడగానే జుగుప్స పుట్టిస్తుంది, ఇక్కడ అది ప్రేక్షకుడు అత్యధికంగా ఆరాధించిన శరీరం. భీముని పాత్ర ధరించిన కైకాల సత్యనారాయణ అప్పటికి ప్రతినాయక పాత్రలకు ప్రసిద్ధుడు. ఫలితంగా గదాయుద్ధంలో కథానాయకుని స్థానంలో తెర ప్రతినాయకుడు, ప్రతినాయకుని స్థానంలో తెర కథానాయకుడు నిలిచారు.

ఈ తారుమారు ఆకస్మికం కాదనడానికి ఇతర చిత్రాలు ఆధారం. రామారావు ‘పాండవ వనవాసం’ (1965)లో భీమునిగా, మరుసటి ఏడాది ‘శ్రీకృష్ణ పాండవీయం’లో దుర్యోధనునిగా నటించాడు. ‘దాన వీర శూర కర్ణ’ విడుదలైన 1977 జనవరి 14నే విడుదలైన ‘కురుక్షేత్రం’లో సత్యనారాయణ దుర్యోధన పాత్రధారి. ఒకే పండుగ రోజున ఒకే నటుడు ఒక తెరపై గదతో తొడ విరిచాడు, మరొక తెరపై విరగ్గొట్టించుకొన్నాడు. రెజ్లింగ్‌లో ‘టర్న్’ జరిగితే మల్లుడు తన పాత అభిమానులను వదులుకొంటాడు. తెలుగు తారకు ఆ నష్టం లేదు. వేషం మారినా ఆదరం వెంట వస్తుంది.

పద్యనాటక రంగం ఈ అవగాహనకు పూర్వమే దారి వేసింది. పద్యం నచ్చితే ప్రేక్షకుడు ‘వన్స్‌మోర్’ అంటాడు, నటుడు కథాగమనాన్ని ఆపి మళ్లీ పాడతాడు. నటుడు, పాత్ర వేరన్న ఎరుక రసానుభవానికి అడ్డురాదు. అందువల్ల ‘కేఫేబ్’ వంటి గోప్యత ఈ సంప్రదాయానికి అవసరం లేకపోయింది.

5. ఫిర్యాదు హక్కు

చిత్రంలో సుయోధనుని ఔన్నత్యానికి పునాది గదాయుద్ధానికి చాలా ముందే పడింది. కుమారాస్త్ర విద్యాప్రదర్శన ఘట్టంలో కర్ణుని కులం అడిగినప్పుడు, కురువృద్ధుల, ఆచార్యుల జన్మవృత్తాంతాలనే సాక్ష్యంగా చూపుతూ సుయోధనుడు చేసే వాదం కొండవీటి వెంకటకవి సంభాషణారచనకు శిఖరం. అక్కడ సుయోధనుడు నియమం పేరిట జరిగే అన్యాయాన్ని ప్రశ్నిస్తాడు. గదాయుద్ధంలో న్యాయం పేరిట జరిగిన నియమభంగానికి బలి అవుతాడు. ఈ రెండు ఘట్టాలను జతచేసి చూసినప్పుడే అతని పాత్రలోని వైరుద్ధ్యం తెలుస్తుంది. నియమం తనకు అడ్డయినప్పుడు దానిని తోసిపుచ్చినవాడే తుదిక్షణంలో నియమానికి వాది అయ్యాడు.

కృష్ణుడు, సుయోధనుడు ఇద్దరూ ఒకే నటుని ముఖంతో కనిపించడం ఇంకొక చిక్కును తెస్తుంది. దెబ్బకు వ్యూహకర్తా, దెబ్బ తిన్నవాడూ ఒకే ముఖం కలవారైనప్పుడు ప్రేక్షకునికి ద్వేషించడానికి పాత్ర మిగలదు. ఆ స్థానంలోకి భీముడు వస్తాడు. ప్రతిజ్ఞ నెరవేర్చుకొన్న నాయకుడు ఇక్కడ శిక్షను అమలుచేసే పనిముట్టుగా కుదించుకుపోతాడు. ఇది చిత్రం సాధించిన నాటకీయత, దానితో పాటే దాని లోపం కూడా. భీముని ప్రతిజ్ఞకు మూలం ద్రౌపదీ పరాభవం. సుయోధనుని పట్ల ప్రేక్షకునికి సానుభూతి పెరిగినకొద్దీ సభలో ఆమె వేసిన ప్రశ్న వెనక్కి పోతుంది. తొడ విరిచిన దెబ్బను దొంగదెబ్బ అనేవారు ఆ తొడను చూపి పిలిచిన సభను మరువరాదు. ప్రతినాయకుని ఫిర్యాదుకు చోటిచ్చిన ప్రదర్శన, అంతకన్నా పాతదైన మరొక ఫిర్యాదును మరుగుపరచింది.

సుయోధనునిపై ఆదరాన్ని ఆ తారకు 1983లో దక్కిన ముఖ్యమంత్రి పదవికి సూచనగా చదవడం కూడా తొందరపాటే. శల్యపర్వంలోని పూలవాన అందుకు ఎన్నో శతాబ్దాలు ముందరిది. తార ఆ ఆదరాన్ని సృష్టించలేదు, దానికి ముఖాన్నీ కంఠాన్నీ ఇచ్చాడు.

6. ముగింపు

గచ్చిబౌలిలో ప్రతినాయకుడు గెలిచినా, నాచారంలో ప్రతినాయకుడు ఓడినా ప్రేక్షకుడు అడిగేది గెలుపోటముల గురించి మాత్రమే కాదు. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

గదాయుద్ధం పణం, న్యాయనిర్ణేత, నిషిద్ధమైన దెబ్బ అనే మూడు అంశాలలో రెజ్లింగ్ టైటిల్ పోరుతో పోలుతుంది. నియమభంగం నాయకునిది కావడంలోనూ, తిరుగు పోటీకి అవకాశం లేకపోవడంలోనూ దానితో విభేదిస్తుంది.

‘దాన వీర శూర కర్ణ’ పాత్రధారణలోని తారుమారుతో ప్రతినాయకుని శరీరానికి గౌరవం కల్పించి, బలరాముని తీర్పును ప్రేక్షకుని తీర్పుగా మార్చింది.

తెలుగు ప్రేక్షకుడు సుయోధనుణ్ణి మంచివాడని నమ్మడం లేదు. అతని ఓటమి తగినదే అంటూ, ఓడించిన తీరు తగనిదని కూడా అనగలుగుతున్నాడు. న్యాయానికీ నియమానికీ వేర్వేరు లెక్కలు ఉంచుకొనే ఈ వివేకం విలువైనది. అయితే ఆ లెక్కలో ద్రౌపది పద్దు చేరనంతవరకు అది అసంపూర్ణమే.